రాకుమారి కాదు, వెదురు మొలక

దసరా సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నించి ఇంటికొచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడు. వచ్చిన రెండు రోజులూ నిద్రే నిద్ర. మూడో రోజు పండగ. గారెలు, పులిహోర, పరమాన్నం, సాయంత్రం గుళ్లో జమ్మి పూజ, అన్నీ అయ్యేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. మర్నాడు రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో గట్టు తుడుస్తుంటే వెనక నించొచ్చి, "అమ్మా, ఇవాళ నీకో సినిమా చూపిస్తా. మధ్యలో లేచి పాలు తోడెయ్యాలి, శనగలు నానబెట్టాలి అంటే ఊరుకోను. అవన్నీ ఇప్పుడే చేసేసి రా" అంది.

తీరా చూస్తే బొమ్మల సినిమా. "ఈ వయసులో నాకు బొమ్మల సినిమా ఏమిటే?" అన్నాను. "చూడు, నీకే తెలుస్తుంది" అంది.

జపాన్ వాళ్ల సినిమా అండీ. పేరు 'రాకుమారి కగుయ కథ'. స్టూడియో జిబ్లీ అని బొమ్మల సినిమాలకి పెట్టింది పేరైన సంస్థ తీసింది, 2013లో. దర్శకుడు ఇసావో తకహాత. మాటలన్నీ జపనీస్‌లో, కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను కళ్లజోడు సవరించుకుని చదివేలోపు అక్షరాలు మాయమైపోతుంటే మా అమ్మాయే పక్కన కూచుని తెలుగులో చెప్తూ వచ్చింది. చిన్నప్పుడు దానికి నేను చందమామ కథలు చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు అది నాకు వినిపిస్తోంది. వడ్డీతో సహా తీరిపోయిందనుకున్నాను.

కథ చిన్నదే. ఒక ముసలాయన అడవిలో వెదుర్లు కొట్టుకుని బతుకుతుంటాడు. ఒకరోజు ఒక వెదురు మొదట్లో వెలుగు కనిపిస్తుంది. చూస్తుండగానే అక్కడో మొలక పైకొచ్చి విచ్చుకుంటుంది. అందులో అరచేతిలో పట్టేంత ఆడపిల్ల, పట్టుబట్టలు కట్టుకుని నిద్రపోతూ ఉంటుంది. దేవుడిచ్చిన రాకుమారి అని ఆయన గుండెలకి హత్తుకుని ఇంటికి తెస్తాడు. పిల్లల్లేని దంపతులు. ముసలావిడ చేతిలోకి రాగానే ఆ బొమ్మ లాంటి పిల్ల కాస్తా కేరుమనే పసిగుడ్డుగా మారిపోతుంది.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, నాకు వెంటనే జనకుడు గుర్తొచ్చాడు. నాగేటి చాల్లో దొరికిన పిల్లని ఎత్తుకొచ్చి కూతురని పెంచుకున్నాడు. మట్టిలోంచి వచ్చిన సీత చివరికి మట్టిలోకే వెళ్లిపోయింది. దొరికిన పిల్లల కథలు ఏ దేశంలోనైనా ఇలాగే ముగుస్తాయేమో అని అప్పుడే అనుమానం వచ్చింది. ఆ అనుమానం వమ్ము కాలేదు.

ఈ కథ జపాన్‌లో ఎప్పుడో పదో శతాబ్దం నాటిదిట. వాళ్ల భాషలో వచన కథలన్నింటికీ ఇదే ఆది అంటారు. మనకి నన్నయగారి కంటే ముందన్నమాట. అక్కడి పిల్లలందరికీ తెలిసిన కథే. అయితే పాత కథలో పిల్ల బాల్యం దాదాపు లేదు. మూడు నెలల్లో పెరిగి పెళ్లీడుకొచ్చేస్తుంది, అంతే. తల్లి పాత్ర కూడా పేరుకే. తకహాత చేసిన పనల్లా ఆ ఖాళీలో కూచోవడమే. ఆ పిల్ల బోర్లా పడటం, పాకడం, నడవడం, కొండల్లో పిల్లలతో తిరగడం, అమ్మ పక్కన కూచుని కబుర్లు చెప్పడం. పాతవాళ్లు ఒక్క వాక్యంలో దాటేసిన దాన్ని ఆయన తీరిగ్గా గీశాడు. ఆడవాళ్ల బతుకంతా ఎక్కువగా ఆ దాటేసిన చోట్లలోనే ఉంటుంది కదండీ.

మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. ముసలావిడ పిల్లకి పాలు అడిగి తేవడానికి, పాలిచ్చే తల్లి ఉన్న ఇంటికి బయల్దేరుతుంది. దారిలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. ఆవిడ ఒకచోట కూలబడి చూసుకుంటే తన రొమ్ములే చేపుకొస్తాయి. ఆ వయసులో, కనకుండానే. ఆవిడ మొహంలో ఆశ్చర్యం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు పెద్దాపరేషన్ అయ్యాక మూడు రోజులు పాలు పడలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పక్కలో పిల్ల ఏడుస్తుంటే జాకెట్టు తడిసింది. ఇరవయ్యేళ్లయింది. ఆ తడి నాకింకా గుర్తే. మగవాడు ఈ సంగతి ఎలా కనిపెట్టి గీశాడో అనుకున్నాను.

గీయడం అంటే మామూలు గీత కాదు. రంగులు నీళ్లలో కరిగినట్టు పల్చగా, తెరకి నాలుగు పక్కలా తెల్లగా ఖాళీ వదిలేసి ఉంటుంది. గీత బొగ్గుముక్కతో అప్పటికప్పుడు గీసినట్టు ఒకచోట లావు, ఒకచోట సన్నం. మా అమ్మ పిండి చిటికెలో పట్టుకుని ముగ్గు లాగితే అలాగే ఉండేది. ఎక్కడ ఆపాలో చేతికి తెలిసినట్టు. ఈ సినిమా తీయడానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టిందిట. విడుదలయ్యేసరికి తకహాతకి డెబ్భై ఎనిమిదేళ్లు. ఆస్కార్ పోటీలోకి కూడా వెళ్లింది గానీ బహుమతి రాలేదు. ఆయన 2018లో పోయాడు. ఇదే ఆయన ఆఖరి సినిమా.

అసలు నన్ను పట్టేసింది మాత్రం ఇంకో సన్నివేశం. పిల్ల పాకే వయసు. ఊరి పిల్లలు బయట నిలబడి, చూస్తుండగానే ఎదిగిపోతోంది కదా అని, దానికి 'తకెనోకో' అని పేరు పెడతారు. వెదురు మొలక అని అర్థం. "వెదురు మొలకా, ఇలా రా" అని వాళ్లు పిలుస్తుంటారు. ఇటు ఇంట్లోంచి ముసలాయన చేతులు చాచి "రాకుమారీ, రాకుమారీ" అని పిలుస్తుంటాడు. వాళ్లు గొంతు పెంచితే ఈయన ఇంకా గొంతు పెంచుతాడు. ఒకే పిల్లకి రెండు పేర్లు. ఆఖరికి ఆపుకోలేక ఏడుస్తూ పరిగెత్తుకెళ్లి దాన్ని ఎత్తేసుకుంటాడు.

మేమిద్దరం పగలబడి నవ్వాం. నవ్వాక ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగి మావారి వంక చూశాం. ఆయన భోజనాల బల్ల దగ్గర బ్యాంకు లోను కాగితాలు ముందేసుకుని కూచున్నారు. ఎందుకంటే మా ఇంట్లోనూ అదే కథ. నేను దాన్ని 'బుజ్జీ' అని పిలిస్తే, ఆయన పాకే వయసు నించీ 'ఇంజనీరమ్మా' అని పిలిచారు. బొటనవేలు నోట్లో పెట్టుకున్న పిల్లని పట్టుకుని "మా ఇంజనీరమ్మ నిద్రపోయిందా?" అనేవారు. ముద్దుగానే ఉండేది. నేనూ మురిసిపోయేదాన్ని, అబద్ధం ఎందుకు?

తర్వాత కథలో ముసలాయనకి వెదుర్లలోంచి బంగారం రాలుతుంది. ఇంకోసారి రంగురంగుల పట్టుబట్టలు ఉబికి వస్తాయి. దానికి ఆయన చెప్పుకున్న అర్థం ఒక్కటే. ఈ పిల్లని పల్లెలో ఉంచడం దేవుడికిష్టం లేదు, రాజధానికి తీసుకెళ్లి నిజం రాకుమారిని చెయ్యాలి, అదే దాని సుఖం. మేడ కట్టించి, ఒకరోజు హఠాత్తుగా ప్రయాణం కట్టిస్తాడు. పిల్లకి స్నేహితులతో చెప్పే వ్యవధి కూడా ఉండదు. సుతెమరు అని ఆ పిల్లల్లో పెద్దవాడు, దానికి అన్న లాంటివాడు, అంతకంటే కొంచెం ఎక్కువేమో కూడా. వాడికైనా చెప్పకుండా వెళ్లిపోతుంది.

మేం తణుకు దగ్గర పల్లెటూరి వాళ్లం. మావారికి ఎరువుల కొట్టుండేది. అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి కొట్టు మరిదిగారికి అప్పగించి, విజయవాడలో ఒక ఏజెన్సీలో జీతానికి కుదిరారు. సొంత గల్లాపెట్టె దగ్గర కూచున్న మనిషి ఒకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎకరం పొలం అమ్మాం. ఫౌండేషన్ కోర్సు అన్నారు, ఫీజు కట్టాం. ఇదంతా ఎవరి కోసం? దాని కోసమే. అందుకే ముసలాయన్ని నేను తిట్టుకోలేకపోయాను. రాజధానిలో పెద్దమనుషుల టోపీ పెట్టుకుంటే అది గుమ్మానికి తగిలి జారిపోతూ ఉంటుంది. ఆ టోపీ చూసి జాలేసింది. ఆయనేం సుఖపడ్డాడు కనక?

మేడలో పిల్లకి మర్యాదలు నేర్పడానికి సగామి అనే ఆవిడని పెడతారు. ఎలా కూచోవాలి, ఎలా నడవాలి, వీణ లాంటి వాద్యం ఎలా వాయించాలి. పిల్ల అల్లరి చేస్తుంది, పాఠం మధ్యలో పారిపోతుంది, కానీ అన్నీ ఇట్టే పట్టేస్తుంది. ఒకరోజు సగామి కనుబొమలు పీకడానికి వస్తుంది. ఆ కాలంలో గొప్పింటి ఆడవాళ్లు కనుబొమలు మొత్తం పీకించుకుని, నుదుటి మీద మసితో వేరే దిద్దుకునేవారు. పళ్లకి నల్లరంగు పూసుకునేవారు. పిల్ల అడుగుతుంది, కనుబొమలు లేకపోతే చెమట కళ్లలోకి కారదా అని. నల్లపళ్లు పెట్టుకుని నోరారా నవ్వేదెలా అని. రాకుమార్తెలు చెమట పట్టేలా పరిగెత్తరు, నోరు తెరిచి నవ్వరు అంటుంది సగామి. అయితే రాకుమారి అసలు మనిషే కాదన్నమాట అని పిల్ల పారిపోతుంది.

తర్వాత పేరు పెట్టే వేడుక చేస్తారు. కగుయ అని పేరు. మూడు రోజుల విందు. విందంతా మగవాళ్లకి. ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పిల్ల మాత్రం చీకటి గదిలో తెరల వెనక ఒంటరిగా కూచుని ఉంటుంది. తాగినవాళ్లు దాని మొహం చూపించమని వెటకారాలాడటం వినిపిస్తుంది. అంతే, తలుపులు బద్దలు కొట్టుకుని, ఒంటి మీది పట్టుబట్టలు ఒక్కొక్కటే జారిపోతుంటే చీకట్లో కొండల వైపు పరిగెడుతుంది. అప్పుడు చూడాలి ఆ బొమ్మలు! రంగులన్నీ పోయి బరబరా గీసిన బొగ్గు గీతలే మిగులుతాయి. కోపానికి బొమ్మ గీస్తే అలాగే ఉంటుంది. తీరా పాత ఊరు చేరితే తన ఇంట్లో ఎవరో ఉంటారు. స్నేహితులెవరూ ఉండరు. మంచులో కూలిపోతుంది. కళ్లు తెరిచేసరికి మళ్లీ అదే చీకటి గదిలో ఉంటుంది.

మర్నాటి నించి ఆ పిల్ల బుద్ధిమంతురాలైపోతుంది. సగామి వచ్చి కనుబొమలు పీకుతుంటే కదలకుండా కూచుంటుంది. ఒక్క కన్నీటి చుక్క మాత్రం జారుతుంది.

అక్కడ మా అమ్మాయి రిమోట్ నొక్కి సినిమా ఆపింది. "నీళ్లు తాగొస్తా" అని లేచి వెళ్లింది. నేను కదల్లేకపోయాను.

పదో తరగతి అయ్యేదాకా మా అమ్మాయికి నడుము దాటిన జడ. కుంకుడుకాయలతో తలంటి, సాంబ్రాణి పొగేసి, చిక్కుతీసి జడ వెయ్యడానికి గంట పట్టేది. ఇంటర్‌కి హాస్టల్లో చేర్చేటప్పుడు, పొద్దున్న అయిదింటికే స్టడీ అవర్, జడలేసుకునే టైం ఎక్కడిది, చాలామంది కత్తిరించేసే పంపుతారు అన్నారు. నేనే పార్లర్‌కి తీసుకెళ్లాను. అంతకు ముందు నెలంతా హాస్టల్‌కి వెళ్లనని ఏడ్చింది, అన్నం మానేసింది, ఒకరోజు మేడమీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంది. కుర్చీలో కూచోబెట్టాక మాత్రం కిక్కురుమనలేదు. మెడ దగ్గర కత్తెర పడి జడ కింద పడింది. అద్దంలో నా వంక ఒక్కసారి చూసింది. ఇంటికొచ్చాక మావారితో నేను అన్నమాట నాకు బాగా గుర్తుంది. "బుద్ధిగా కూచుందండీ, దారిలో పడింది" అన్నాను.

దారిలో పడటం కాదు. అడగడం మానేసింది. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు అయిదేళ్లూ, ఒక జపాన్ బొమ్మల సినిమా కావలసొచ్చాయి.

అది నీళ్లు తాగొచ్చి కూచుంది. నేనేం అనలేదు. అదీ ఏం అనలేదు. సినిమా మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత అయిదుగురు గొప్పవాళ్లు పెళ్లాడతామని వస్తారు. కగుయ మొహం ఒక్కరూ చూడలేదు. అయినా ఒక్కొక్కడూ ఆమెని ఎవరూ చూడని వస్తువుతో పోల్చి పొగుడుతాడు. బుద్ధుడి భిక్షాపాత్ర, మణులు కాసే కొమ్మ, నిప్పులో కాలని చర్మం, డ్రాగన్ మెడలో మణి, వానకోయిల దగ్గరుండే గవ్వ. అయితే అవే తెచ్చిపెట్టండి అంటుందామె. ఒకడు నకిలీ చేయించి తెస్తాడు, పనివాళ్లు కూలి డబ్బుల కోసం వచ్చి గుట్టు రట్టు చేస్తారు. ఇంకొకడు గవ్వ కోసం ఎగబాకి పడి చచ్చిపోతాడు. ఇంతమంది నా వల్లే పాడయ్యారని కగుయ కుమిలిపోతుంది. చూడండి, ఆడపిల్ల వద్దని చెప్పడానికి వంక వెతికితే ఆ పాపం కూడా ఆమె నెత్తికే. ఆఖరికి చక్రవర్తి స్వయంగా వచ్చి, అడగా పెట్టకుండా వెనక నించి పట్టుకుంటాడు. ఆ క్షణంలో ఆమె తనకే తెలియకుండా చంద్రుణ్ణి వేడుకుంటుంది, నన్నిక్కడి నించి తీసుకెళ్లిపొమ్మని. కోరిక ఫలిస్తుంది. అదే కష్టం. ఆమె చంద్రలోకం నించి వచ్చిన పిల్ల. శరత్కాలపు పున్నమి నాడు వాళ్లొచ్చి తీసుకెళ్లిపోతారు. ఇక వద్దన్నా ఆగదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు తల్లి ఏం చేస్తుంటుందో నేను ప్రత్యేకంగా గమనించాను. అంత పెద్ద మేడలో ఆవిడ ఉండేది వెనక పక్క చిన్న వంటింట్లో. పాత నేతబట్టలే కట్టుకుంటుంది. మగ్గం నేస్తుంది, వంట చేస్తుంది, పక్కనే కాస్త తోట. కగుయకి మనసు బాగాలేకపోతే అక్కడికే వస్తుంది. ఆ తోటలో చిన్న చిన్న మొక్కలతో తన ఊరి కొండల్నే చేసుకుంటుంది. తల్లి ఏమీ అడగదు, ఒళ్లో పడుకోబెట్టుకుంటుంది. అన్నీ తెలుసు ఆవిడకి. భర్త టోపీ జారడమూ తెలుసు, కూతురి నవ్వు ఎండిపోవడమూ తెలుసు. ఇక ఆఖర్లో చక్రవర్తి దగ్గర పదవి వస్తుందని ఆయన పొంగిపోతుంటే అప్పుడంటుంది, పిల్ల మనసు ఇంకా తెలియలేదా అని. అప్పటికే ఆలస్యమైపోయింది.

మా అమ్మాయి కళ్లు తెర మీద నించి తిప్పకుండానే అడిగింది. "ఆ అమ్మకి మొదట్నించీ తెలుసు కదమ్మా. ముందే ఎందుకు చెప్పలేదు?"

నా నోట మాట రాలేదు. నాకు జవాబు తెలుసు. ఆయన ఆమె కోసమే కదా ఇదంతా చేస్తున్నాడు, ఎలా కాదనను అనుకుని ఉంటుంది. కూతురికి కావలసింది వండి పెడుతున్నాను, ఒళ్లో చోటిస్తున్నాను, చాలదా అనుకుని ఉంటుంది. నేను హాస్టల్‌కి ప్రతి రెండో ఆదివారం గోంగూర పచ్చడి, సున్నుండలు మోసుకెళ్లినట్టు. డబ్బా మూత తీసి "ఎలా ఉన్నావు?" అనేదాన్ని. "బాగున్నా" అనేది. ఇద్దరం ఆ మాట నమ్మినట్టు నటించేవాళ్లం.

ముగింపు మాత్రం నేను జన్మలో మర్చిపోను. పున్నమి రాత్రి మేడ చుట్టూ సైనికులు బాణాలు ఎక్కుపెట్టి ఉంటారు. ఆకాశం నించి మేఘం దిగుతుంది. ఏడుపు సంగీతం ఉంటుందనుకున్నాను. ఉండదు. హుషారైన మేళం! డప్పులు, వేణువులు, పండగ ఊరేగింపులా. చంద్రలోకం వాళ్లకి దుఃఖమంటే తెలియదు మరి. వేసిన బాణాలు పూలైపోతాయి. అందరూ నిద్రలోకి జారిపోతారు. ఆమెకి కప్పడానికి ఒక దివ్యవస్త్రం తెస్తారు. అది ఒంటి మీద పడితే భూమ్మీది సంగతులన్నీ మరుపుకొస్తాయి. 'జగదేకవీరుని కథ'లో ఇంద్రకుమార్తె చీర గుర్తుందా? ఆ చీర చేతికి దొరికితేనే ఆమె స్వర్గానికి తిరిగి వెళ్లగలదు. అలాంటిదే ఇదీ. కాకపోతే ఇది మనిషితో పాటు జ్ఞాపకాన్ని కూడా తీసుకుపోతుంది. కగుయ ఒక్క క్షణం ఆగమని బతిమాలి అమ్మానాన్నల్ని పట్టుకుని ఏడుస్తుంది. భూమి మలినం, ఇది కప్పుకుంటే అంతా పోతుంది, రండి అంటుంది చంద్రలోకపు మనిషి. కాదు, మలినం కాదు, ఇక్కడి సంతోషమూ దుఃఖమూ అన్నీ... అని కగుయ చెప్పబోతుండగానే వస్త్రం భుజాల మీద పడుతుంది. మాట సగంలో ఆగిపోతుంది. మొహంలో ఏమీ ఉండదు. తిరిగి వెళ్లిపోతుంది. ఎక్కడో దూరాన ఒకసారి వెనక్కి తిరిగి భూమి వంక చూస్తుంది. కంట్లో నీరు. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియని నీరు.

పాత కథలో ఆమె అమృతం లాంటి మందు వదిలి వెళ్తే, చక్రవర్తి ఆమె లేని చోట అది నాకెందుకని ఎత్తయిన కొండ మీద కాల్పించేస్తాడట. అదే ఫుజి కొండ అని చెప్పుకుంటారు. సినిమాలో అదేం లేదు. చక్రవర్తి దుఃఖం దగ్గర ఆగలేదు ఆయన. ముసలి దంపతుల ఖాళీ చేతుల దగ్గర ఆగాడు.

సినిమా అయిపోయింది. రెండుంపావు గంటలు. మావారు లోను కాగితాలు వదిలేసి ఎప్పుడొచ్చారో, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఆఖరి అరగంట చూశారుట. "పాపం, ఆయన మాత్రం ఏం చేశాడు? మంచే కదా కోరుకున్నాడు" అన్నారు. ఆయన గొంతు ఏదోలా ఉంది.

ఆ కాగితాలేమిటో చెప్పలేదు కదూ. అమ్మాయిని అమెరికాలో ఎమ్మెస్‌కి పంపాలని. ఇల్లు తనఖా పెడితే ఎంత వస్తుంది, వడ్డీ ఎంత, అంతా లెక్క వేసి ఉంచారు. నాతో చెప్పారు. మా తమ్ముడితో చెప్పారు. పక్క పోర్షన్ వాళ్లకి కూడా తెలుసు. అమ్మాయికి మాత్రం పండగయ్యాక చెబుదాం అనుకున్నాం. 'చెబుదాం' అనే అనుకున్నాం. 'అడుగుదాం' అనుకోలేదు.

నా గుండె దడదడలాడింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నిర్ణయాల మీద నేను నోరెత్తింది తక్కువ. అయినా అన్నాను. "కోరుకున్నాడండీ. కానీ ఒక్కసారి కూడా నీకేం కావాలే అని దాన్ని అడగలేదు. ఆవిడా అడగలేదు. మనమూ అడగలేదు. ఇప్పుడడుగుదాం."

ఆయన నా వంక చూశారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చి కుర్చీలో కూచుని, కాగితాల సంగతి తనే చెప్పారు. చెప్పి, "నీ ఉద్దేశం ఏమిటమ్మా?" అన్నారు.

సినిమాల్లో అయితే ఇక్కడ కూతురు గబగబా నాన్నా నాకు ఇది ఇష్టం, అది ఇష్టం లేదు అని చెప్పేస్తుంది. మా అమ్మాయి చాలాసేపు కాలి గోళ్ల వంక చూసుకుంటూ కూచుంది. చివరికి, "తెలీదు నాన్నా" అంది. "నిజంగా తెలీదు. మీరెప్పుడూ అడగలేదుగా. అలవాటు లేదు."

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదండీ. ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. అది వట్టి సమాచారం చెప్పినట్టు చెప్పింది. ఆ దివ్యవస్త్రం పైనించి ఎవరో వచ్చి కప్పక్కర్లేదు. మనం ప్రేమగా, కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి కప్పుతూనే ఉంటాం అనిపించింది.

మావారు కాగితాలన్నీ ఫైల్లో పెట్టేశారు. "తొందరేం లేదు. ఆలోచించుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. అక్కర్లేదన్నా ఏం పర్లేదు" అన్నారు. ఆ 'ఏం పర్లేదు' అనడానికి ఆయన ఎంత కూడదీసుకున్నారో నాకు తెలుసు. ఆ రాత్రి మంచం మీద అటు తిరిగీ ఇటు తిరిగీ, "కొట్టు అమ్మకుండా ఉంచుకోవలసింది కదా" అన్నారు ఒకసారి. నేనేం మాట్లాడలేదు. కొన్నిటికి మౌనమే మంచిది. ఏవిటికి కాదో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

పున్నమి ముందు రోజు సాయంత్రం దానికి తలకి కొబ్బరినూనె పెట్టాను, మేడమీద చాప వేసుకుని. ఇంజనీరింగ్‌లో చేరినప్పటి నించి మళ్లీ జుట్టు పెంచుకుంటోంది. వీపు సగానికి వచ్చింది. దూరంగా ఇంద్రకీలాద్రి దీపాలు, పైన ఇంకో చిటికెడు నిండితే పున్నమి అయ్యే చంద్రుడు. చిన్నప్పుడు ఆ చంద్రుణ్ణే చూపించి దానికి గోరుముద్దలు తినిపించాను. "జడ నాది నేనే కత్తిరించానే. తప్పు చేశాను" అన్నాను. వెంటనే ఏం అనలేదు. కాసేపాగి తల నా మోకాలి మీద వాల్చి, "చిక్కు మెల్లిగా తియ్యమ్మా, లాగకు" అంది. అదే క్షమాపణ ఇచ్చినట్టనుకున్నాను.

ఆదివారం బస్సు ఎక్కించడానికి ముగ్గురం వెళ్లాం. బస్సు కదులుతుంటే మావారు అలవాటు కొద్దీ "జాగ్రత్త ఇంజనీరమ్మా!" అని అరిచారు. అరిచి నాలిక కరుచుకున్నారు. అంత తొందరగా పోతుందా అలవాటు? అది కిటికీలోంచి తల బయట పెట్టి, "వెదురు మొలక, నాన్నా!" అని నవ్వింది. నోరారా, పళ్లన్నీ కనపడేలా.

సంక్రాంతికి ఏం చెబుతుందో నాకు తెలియదు. అమెరికా వెళ్తానన్నా అనొచ్చు. వెళ్తే వెళ్లనీ, తనంతట తను వెళ్తే వెనక్కి తిరిగి చూసినప్పుడు ఎందుకు చూస్తోందో దానికే తెలుస్తుంది.

మీ ఇళ్లల్లో ఎదిగిన ఆడపిల్లలుంటే, ఒకరోజు రాత్రి పక్కన కూచోబెట్టుకుని ఈ సినిమా చూడండి. పాలు ముందే తోడేసుకోండి. మధ్యలో లేవకండి.